మెరిట్ ఎవరి ఇంటిపేరు?

ప్రశ్నపత్రం అందరికీ ఒక్కటే కదా, ఇంకేం అన్యాయం అంటారు. నిజమే. ఎంబీఏ కోసం ఐసెట్ రాసే టెక్కలి సాయిబుల పిల్లకీ, విశాఖ ఆఫీసరు గారబ్బాయికీ అవే 200 ప్రశ్నలు, అవే 150 నిమిషాలు. మరి ఆ రెండున్నర గంటలకు ముందు గడిచిన ఇరవై ఏళ్లూ ఒక్కటేనా?

పలాస జీడి ఫ్యాక్టరీలు చూడండి. పిక్క కొట్టేదీ, పొట్టు తీసేదీ, రకాలు ఏరేదీ ఎక్కువగా ఆడవాళ్లే. డబ్ల్యూ 320 అంటే పౌను తూకానికి 300 నుంచి 320 పప్పులు. చూపుతోనే ఏరి పడేసే ఆ తల్లి తెలివికి ఏ పేపర్లోనూ మార్కు లేదు. ఆమె కూతురు మాత్రం ఒక్కో ప్రశ్నకు 45 సెకన్లలో జవాబు పెట్టాలి. 45 సెకన్ల జవాబు తెలివి కాదు, అలవాటు. ఆ అలవాటును కోచింగు అమ్ముతుంది. కొనుక్కోగలిగినవాడు దానికి మెరిట్ అని పేరు పెట్టుకుంటాడు.

ఉద్దానంలో కొనేదెవరు? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరినీ, జీడినీ కూల్చేసింది. కిడ్నీ జబ్బు ఇంటి పెద్దల్ని మంచాన పడేస్తోంది. ఈ కష్టం మా ఒక్కరిదే కాదు, మత్స్యకారులదీ, రైతు కూలీలదీ. కానీ జిల్లాలో నూటికి ఒక్కరం కూడా లేని మేం ఏ లెక్కలోకీ రాం.

దేశం లెక్క సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. ఐఐఎంలన్నిటిలో 4743 మంది విద్యార్థులుంటే ముస్లింలు 63 మంది. విశాఖలో 2015లో ఐఐఎం వచ్చింది. దాని తలుపు తీసే క్యాట్ మాత్రం ఇంగ్లీషులోనే ఉంది. తెలుగులో డిగ్రీ చదివిన పిల్ల ఆ గుమ్మం బయటే ఆగిపోవాలా?

రిజర్వేషన్లున్నాయిగా అంటారు. షేక్ అయితే బీసీ-ఇ, దూదేకుల అయితే బీసీ-బి, సయ్యద్ అయితే ఏమీ లేదు. 2007లో ఇచ్చిన 4 శాతాన్ని 2010లో హైకోర్టు కొట్టేస్తే, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు నిలబెట్టింది. అంటే మా పిల్లల చదువు కోర్టు వాయిదాకి వేలాడింది.

అసలు ఐసెట్ గడపేం ఎత్తైంది కాదు. 200కి 50 వస్తే అర్హత. గోడంతా గడప దాటాకే ఉంది. 2020 డిసెంబరులో జీవో 77 ప్రైవేటు కాలేజీల పీజీ పిల్లలకు ఫీజు రీయింబర్స్‌మెంటు ఆపేసింది. పరీక్ష నెగ్గిన పిల్లని పైసలు ఓడించాయి. మెరిట్ జపం చేసేవాళ్లు ఆనాడు ఎక్కడున్నారు?

మన జమాత్ పెద్దలకూ ఒక మాట. మినారుకి చందాలు పోగేసే చేతులు, ఆడపిల్ల దరఖాస్తు రుసుము దగ్గరికొచ్చేసరికి ఎందుకు ముడుచుకుపోతాయి?

క్యాట్‌ని తెలుగులో రాయనివ్వండి. ప్రైవేటు కాలేజీలో చదివినా పేద పీజీ పిల్లలకు ఫీజుని హక్కు చెయ్యండి. పలాసలో, టెక్కలిలో సర్కారు ఖర్చుతో కోచింగు పెట్టండి. ఆ తర్వాత ఒకే పేపరు పెట్టండి. అప్పుడొచ్చే ర్యాంకుని మెరిట్ అనండి, ఒప్పుకుంటాం.