లారీల ఏబీఎస్ కోడ్‌లు చదవడం, చెరపడంపై తీర్మానం

విజయవాడ ఆటోనగర్‌లో భారీ వాహనాల పని చేసే మెకానిక్‌లు, ఆటో ఎలక్ట్రీషియన్లు, లారీ యజమానులు, డ్రైవర్లు కలిసి జరిపిన ఉమ్మడి సర్వసభ్య సమావేశం ఈ కింది విషయాలను చర్చించి తీర్మానించింది.

12 టన్నులు దాటిన కొత్త లారీలకు 2015 నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది. ఇన్నేళ్లు గడిచినా ఆ వ్యవస్థలో లోపం వస్తే ఏం చేయాలనే దానికి మన షెడ్లలో ఒక పద్ధతంటూ ఏర్పడలేదు. డాష్‌బోర్డు మీద ఏబీఎస్ ల్యాంపు వెలిగితే స్కానర్ తగిలించి కోడ్ చెరిపేయడం, ల్యాంపు ఆరగానే డబ్బు తీసుకుని బండి పంపేయడం మామూలైపోయింది. ఫిట్‌నెస్ తేదీ దగ్గర పడితే ఇది మరీ ఎక్కువ. కొన్నిచోట్ల ఏకంగా బల్బే పీకేస్తున్నారు. ఈ అలవాటును సభ తీవ్రంగా ఖండిస్తోంది.

ఏబీఎస్‌లో లోపం వచ్చినంత మాత్రాన బ్రేకులు పోవు. సాధారణంగా లోపమున్న చక్రానికి ఏబీఎస్ ఆగిపోయి, మామూలు ఎయిర్ బ్రేకు పని చేస్తూనే ఉంటుంది. అందుకే రోజూ నడిపే డ్రైవరుకు తేడా తెలియదు. వానలో ఖాళీ బండి మీద ఒక్కసారిగా బ్రేకు తొక్కినప్పుడు తెలుస్తుంది. బరువు లేని వెనక చక్రాలు పట్టేసి జారతాయి, బండి వెనక భాగం పక్కకు కొట్టుకొస్తుంది. ట్రెయిలర్ అయితే మడత పడుతుంది. ఆ క్షణంలో డ్రైవరు చేయగలిగింది చాలా తక్కువ. ల్యాంపు వెలుగుతోందని ముందే తెలిసి ఉంటే ముందు బండికి ఇంకాస్త దూరంలో ఉండేవాడు. ఆ హెచ్చరికను అతనికి దక్కకుండా చేసే హక్కు మనలో ఎవరికీ లేదు.

కోడ్ చెరిపితే లోపం పోదు, లోపం తాలూకు జాడ పోతుంది. ఇంకా ఉన్న లోపమైతే బండి కదిలాక ల్యాంపు మళ్లీ వెలుగుతుంది. గతుకుల్లో వచ్చి సాఫు రోడ్డులో పోయే లోపానికి మాత్రం మెమరీలో మిగిలిన కోడ్ ఒక్కటే సాక్ష్యం. దాన్ని రాసుకోకుండా చెరిపేస్తే తర్వాత బండి చూసే మెకానిక్ ఎక్కడ మొదలుపెట్టాలి?

కోడ్ చదివినంతనే సామాను మార్చడం కూడా తప్పే. జె1939 పద్ధతిలో లోపం ఏ భాగానిదో చెప్పే సంఖ్య ఎస్‌పీఎన్. ఎస్‌పీఎన్ 789 అంటే ముందు ఇరుసు ఎడమ చక్రం సెన్సర్, 790 అంటే కుడిది. రెండో ఇరుసుకు 791, 792. 789 పక్కన, లోపం ఏ రకమో చెప్పే ఎఫ్ఎంఐ 5 కనిపిస్తే ఆ సర్క్యూట్ ఎక్కడో తెగిందని అర్థం. సెన్సర్ లోపల తెగినా, వైరు రాసుకుని తెగినా, కనెక్టర్‌లో పిన్ను వదులైనా కోడ్ అదే. భీమవరం, ఆకివీడు ప్రాంతాల నుంచి చేపలెక్కించుకుని హౌరా పోయే లారీల సంగతి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాలి. ఐసు కరిగిన నీళ్లు దారి పొడుగునా ఛాసిస్ మీద కారుతూనే ఉంటాయి. కనెక్టర్ విప్పితే పిన్నుల మీద పచ్చటి చిలుము కనబడుతుంది. శుభ్రం చేస్తే సరిపోయేచోట కొత్త సెన్సర్ వేసి బిల్లు రాయడం యజమానికి అన్యాయం చేయడమే.

కావున ఈ సభ తీర్మానించడమేమనగా:

బండి షెడ్డుకు రాగానే ఉన్న కోడ్‌లన్నీ చదివి, ఇప్పుడున్న లోపమేదో, గతంలో నమోదైనదేదో విడివిడిగా జాబ్ కార్డు మీద రాయాలి. స్కానర్ లేని షెడ్డులో, బండికి ఆ సదుపాయం ఉంటే, డయాగ్నసిస్ స్విచ్ నొక్కి ల్యాంపు ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టాలి. బ్లింక్ కోడ్‌ల అర్థం కంపెనీకో రకంగా ఉంటుంది గనుక ఆ బండి మాన్యువల్‌లోని చార్టే చూడాలి, గుర్తున్నదాన్ని బట్టి చెప్పకూడదు.

సెన్సర్ కోడ్ వస్తే ముందుగా హబ్బు బేరింగ్ లూజు చూడాలి. లూజున్న హబ్బు సెన్సర్‌ను వెనక్కి నెట్టేస్తుంది. డ్రమ్ము విప్పినప్పుడు పళ్ల రింగుకు పట్టిన బురద, లైనర్ పొడి బ్రష్‌తో దులిపి, విరిగిన పళ్లున్నాయేమో చూసి, సెన్సర్‌ను రింగుకు తగిలేదాకా చేత్తో నెట్టాలి. సుత్తి వాడకూడదు. తర్వాత మీటరు ఏసీ వోల్టుల మీద పెట్టి చక్రాన్ని రెండు సెకన్లకు ఒక చుట్టు చొప్పున తిప్పితే, మామూలు కాయిల్ సెన్సర్ అయితే కనీసం 0.2 వోల్టులైనా చూపాలి. ఎడమ, కుడి రీడింగులు పోల్చి చూడాలి. లైనర్లు మార్చిన ప్రతిసారీ, కోడ్ ఉన్నా లేకపోయినా, ఈ పని చేశాకే బండి అప్పగించాలి.

బాడీకి వెల్డింగ్ చేసే ముందు బ్యాటరీ, ఏబీఎస్ ఈసీయూ కనెక్టర్లు తీసేయాలి.

మరమ్మతు పూర్తయ్యాకే కోడ్ చెరపాలి. సెన్సర్ లోపం సరిచేశాక చాలా బండ్లలో ల్యాంపు నిలబడ్డచోట ఆరదు, గంటకు సుమారు 7 కిలోమీటర్ల వేగం దాటాకే ఆరుతుంది. ఈ సంగతి తెలియక మంచి సెన్సర్‌ను కూడా మళ్లీ మార్చేస్తున్నారు. అందుకని నడిపి చూసి, తిరిగొచ్చి కోడ్ మరోసారి చదివాకే బిల్లు రాయాలి. చెరిపిన కోడ్‌లు ఆ బిల్లు మీదే ఉండాలి.

బల్బు తీయమనిగానీ, పని చేయకుండా కోడ్ చెరపమనిగానీ యజమాని అడిగితే సభ్యులు నిరాకరించాలి. అందువల్ల బేరం పోయినా సంఘం ఆ సభ్యుడి పక్షానే నిలుస్తుంది. కోడ్ చదివి కారణం వెతకడానికి పట్టే సమయానికి లేబర్ ఇవ్వడానికి యజమానులు ఈ సభలో ఒప్పుకున్నారు. ఇన్నాళ్లూ ఆ పనికి విలువ కట్టకపోవడం వల్లే సగం షెడ్లు చెరిపివేతతో సరిపెట్టాయని సభ అభిప్రాయపడింది.

ఈ తీర్మానాన్ని కార్యవర్గం ప్రతిపాదించగా సభ ఏకగ్రీవంగా ఆమోదించింది. ప్రతి షెడ్డులోనూ దీని నకలు అతికించాలి.

డ్రైవర్ సోదరులకు సభ మనవి: తాళం తిప్పగానే ఏబీఎస్ ల్యాంపు వెలగాలి, బండి కదిలి కాస్త వేగం అందుకునేసరికి ఆరాలి. అసలు వెలగకపోతే బల్బు పోయిందో, ఎవరో పీకేశారో. లోడు ఎక్కించుకునే ముందే బండిని షెడ్డుకు తీసుకురండి.