క్రొత్తగా వచ్చినవారు ఎచట కొనవలెను?

ఏటేట జూన్ నెల వచ్చుసరికి నెల్లూరు, చిత్తూరు, గుంటూరు, హైదరాబాదు ప్రాంతములనుండి అనేక తెలుగు కుటుంబములు చెన్నపట్టణమునకు వచ్చి కాపురములు పెట్టుచున్నవి. ఉద్యోగమునకై కొందఱు, బిడ్డల చదువునకై కొందఱు వచ్చుచున్నారు. ఇల్లు కుదిరిన మఱునాడే వారు మనల నడుగు ప్రశ్న "సరకులు ఎక్కడ కొనుక్కోవాలండీ?" అని. తరతరములుగా ఇచట నెలకొనియున్న మనము సాధారణముగా రెండు సమాధానములలో ఏదో యొకటి చెప్పి ఊరకుందుము. "టి. నగరుకు వెళ్ళండి, అన్నీ దొరుకుతాయి" అనునది యొకటి. "ఫలానా వీథిలో మనవారి కొట్టుంది, అక్కడికే వెళ్ళండి" అనునది రెండవది. ఈ రెండును వచ్చినవారికి చాలినంత మేలు చేయునవి కావని మా యభిప్రాయము.

త్యాగరాయనగరమనిన మనకు అభిమాన ముండుట సహజమే. ఆ పేట పేరు పిట్టి త్యాగరాయశెట్టిగారిది. నడుమనున్న ఉద్యానము పేరు పానగల్లు రాజాగారిది. ఇరువురును తెలుగువారే. పెండ్లి బట్టలకు, పాత్రలకు, పండుగ కొనుగోళ్ళకు రంగనాథన్ వీథి, ఉస్మాన్ రోడ్డు, పాండీబజారు తగిన స్థలములే. కాని రెండు కిలోల కందిపప్పునకు, కుంకుడుకాయలకు అంతదూరము పోయినచో ఆదాయము ఆటో బాడుగకే చెల్లును. దీపావళి ముందటి రద్దీలో చిక్కినవారు తలచివచ్చినది మఱచి తలపనిది కొనితెత్తురు.

ఈ నగరమునకు ప్రాతకాలపు ఏర్పాటొకటి కలదు. జార్జిటౌనులో ఒక్కొక్క వర్తకమున కొక్కొక్క వీథి యున్నది. పప్పులు, సుగంధద్రవ్యములు టోకున కావలసినవారు గోవిందప్ప నాయకన్ వీథికి పోవుదురు. గుడ్డలకు గోడౌన్ వీథి, శుభలేఖలకు, కాగితములకు ఆండర్సన్ వీథి, మూలికలకు రాసప్పశెట్టి వీథి, నగలకు ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డు ప్రసిద్ధములు. విద్యుత్పరికరములకు మౌంటురోడ్డు ప్రక్కనున్న రిచీ వీథి, పూజాద్రవ్యములకు మైలాపూరు మాడవీథులు కలవు. ఒకే సరకు అమ్మువారు ప్రక్కప్రక్కనే యుండుటచే పదియడుగులలో ధరలు పోల్చుకొనవచ్చును. ఇదియే ఆ వీథుల గుణము. కూరగాయల టోకు వర్తకము కొత్వాలుచావడిలో ఉండెడిది. 1996లో అది కోయంబేడునకు మారినది.

అయితే టోకు వర్తకుని వద్ద ఒక చిన్న సంసారమునకు లాభము తక్కువ. నాలుగైదు కుటుంబములు కలిసి ఒక బియ్యపు బస్తా, ఒక పప్పు మూట తెచ్చుకొని పంచుకొన్నచో లాభమున్నది. ఇది క్రొత్త యూహ కాదు. తిరువల్లిక్కేణి గృహస్థులకై 1904లో స్థాపింపబడిన సహకారసంఘము ఈ సూత్రముపైననే పెరిగినది. మన సంఘసభ్యులును పేటపేటకు నెలకొక పర్యాయము ఇట్లు కలిసి కొన నారంభింపవచ్చును. క్రొత్తవారిని అందులో చేర్చుకొన్నచో వారికి సరకులతోపాటు ఇరుగుపొరుగును లభించును.

ఇక "మనవారి కొట్టు" మాట. స్వభాషాభిమానము మంచిదే, త్రాసునకు మాత్రము భాష లేదు. తెలుగు మాటాడినంతమాత్రమున తూకము సరిపోదు. తమిళము మాటాడినంతమాత్రమున తగ్గదు. పైగా మనవాడనిన మొగమాటము పుట్టును. ధర యడుగలేము, రసీదు కోరలేము, ఖాతా వ్రాయించుకొని నెలాఖరున చెప్పిన మొత్తము చెల్లింతుము. పొట్లముపై ముద్రించిన గరిష్ఠధరలో పన్నులన్నియు చేరియున్నవి. అంతకుమించి ఎవరడిగినను ఈయనక్కఱలేదు. బంగారు నగపై హాల్‌మార్కును, 2023 ఏప్రిల్ 1 నుండి విధింపబడిన ఆరు అక్షరాంకముల గుర్తును చూడక కొనరాదు. అన్యాయము జరిగినచో 1915 అను సంఖ్యకు ఫోను చేసి వినియోగదారుల సహాయము కోరవచ్చును. ఈ మాటలు చెప్పి పంపినచో కొట్టు ఎవరిదైనను భయము లేదు.

క్రొత్తవారు తప్పక నేర్వవలసినవి సరకుల తమిళనామములు. కందిపప్పు ఇచట తువరంపరుప్పు, పెసరపప్పు పాసిపరుప్పు, మినుములు ఉళుందు. మనము తినునది పచ్చరిసి. పుళుంగలరిసి యనిన ఉప్పుడుబియ్యము. "కడలై" యని మాత్రమే యడిగినచో చిక్కు వచ్చును. వేరుసెనగలు వేర్క్కడలై, పుట్నాలు పొట్టుక్కడలై, సెనగపప్పు కడలైపరుప్పు. నువ్వులనూనె నల్లెణ్ణెయ్. మన గోంగూర పుళిచ్చకీరై. ఇరువది మాటలు వచ్చినచో సగము నగరము పరిచయమైనట్లే.

నేడు అనేకులు సమస్తమును ఫోనులోనే తెప్పించుకొనుచున్నారు. వృద్ధులకు, రోగులకు, పసిబిడ్డల తల్లులకు అది గొప్ప సౌకర్యము; దానిని నిందింప బనిలేదు. కాని సంవత్సరము గడచినను తన వీథిచివరనున్న అణ్ణాచ్చి కడైలో అడుగుపెట్టనివాడు ఆ వీథికి పరాయివాడే. 2015 డిసెంబరు వరదలలో అనేక పేటలలో విద్యుత్తును ఫోనులును నిలిచిపోయినవి. 2023 డిసెంబరు తుపానులోను పలు వీథులు దినములతరబడి నీటిలో నుండెను. అట్టివేళ పాలపొట్లము, క్రొవ్వొత్తి, కిలో బియ్యము అడుగుటకు ముఖపరిచయముగల దుకాణదారుడే దిక్కు. ఆ పరిచయము ఆపదనాడు సంపాదింప శక్యము కాదు. కనుక నిత్యావసరములలో కొంతభాగమైనను నడచిపోయి కొనుట మంచిదని చెప్పుచున్నాము.

మన పెద్దలు ఈ నగరమునకు వచ్చిననాడు వారికిని ఎవరో దారి చూపియుందురు. ఆ ఋణము తీర్చుట కష్టము కాదు. ప్రక్కయింట దిగిన కుటుంబముతో ఒక యుదయము సంతకు పొండు. ఒక మధ్యాహ్నము జార్జిటౌను వీథులు చూపుడు. తమిళనామములు ఒక కాగితముపై వ్రాసి యిండు. ఇందుకు ధనవ్యయము లేదు. చిరునామా చెప్పి పంపుటకంటె తోడుపోవుట మేలని పాఠకులు గ్రహించి, ఈ జూన్ నుండియే తమతమ పేటలలో ఆరంభింతురని ఆశించుచున్నాము.