ఆ నాలుగేళ్ల ముందు తక్కినవన్నీ దిగదుడుపే

రాక్ సంగీతానికి స్వర్ణయుగం ఏదని అడిగితే చాలు, జట్లు కట్టి కొట్టుకుంటారు. ఒకరు లెడ్ జెప్లిన్, పింక్ ఫ్లాయిడ్‌ల డెబ్బైలంటారు. ఇంకొకరు నిర్వాణా దుమ్ములేపిన 1991 అంటారు. మన హాస్టల్ గదుల గోడల మీది పోస్టర్లూ ఈ రెంటినీ దాటి పోవు. రెండు జట్లదీ తప్పే. 1955 నుంచి 1958 దాకా గడిచిన నాలుగేళ్ల ముందు ఏ యుగమూ నిలవదు.

1955లో షికాగోలోని చెస్ రికార్డుల కంపెనీకి చక్ బెర్రీ 'మేబెలీన్' పాడాడు. అదే ఏడు న్యూ ఆర్లీన్స్‌లో లిటిల్ రిచర్డ్ 'టుటీ ఫ్రూటీ' రికార్డు చేశాడు. బో డిడ్లీ తన పేరే పాటగా పెట్టి, ఇవాళ్టికీ ఆయన పేరుతోనే పిలిచే దరువు తెచ్చాడు. గిటార్‌తో పాట ఎత్తుకోవడం, నిలబడి పియానోను బాదడం, కుర్రకారు కార్లూ బడి బాధలే పాటకు సరుకు కావడం, అన్నీ అప్పుడే వచ్చాయి. డెబ్బైలవాళ్లు పదహారు ట్రాకుల యంత్రాల మీద దానికి బ్రహ్మాండంగా నగిషీలు చెక్కారు, కాదనను. సరుకు మాత్రం వాళ్లది కాదు.

రోలింగ్ స్టోన్స్ 1963లో విడుదల చేసిన మొదటి రికార్డు చక్ బెర్రీ పాట. ఆ బృందం పేరు బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ పాటది. బీచ్ బాయ్స్ 'సర్ఫిన్ యూఎస్ఏ' బాణీ కూడా బెర్రీదే. రచయితగా ఆయన పేరు చేర్చక తప్పలేదు. లెడ్ జెప్లిన్ సంగతా? 'హోల్ లాటా లవ్' తన పాటేనని బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ కోర్టుకెక్కితే రాజీకొచ్చారు. పక్కవాడి చేలో పంట కోసుకొచ్చి సంక్రాంతి చేసుకుంటూ, ఎవరి ముగ్గు గొప్పదని తగవులాడుతున్నాం మనం.

పంట పండించినవాళ్లకు దక్కిందేమిటి? 'మేబెలీన్'లో చెయ్యే పెట్టని రేడియో వ్యాఖ్యాత అలన్ ఫ్రీడ్ దానికి సహరచయితయ్యాడు. పాట్ బూన్ అనే తెల్లాయన 'టుటీ ఫ్రూటీ'ని ఉప్పూకారం తీసేసి పాడి, చార్టుల్లో లిటిల్ రిచర్డ్‌ను దాటిపోయాడు. వీళ్లందరికన్నా ముందే, నలభైలలో, చర్చి పాటను ఎలక్ట్రిక్ గిటార్ మీద రాజేసిన సిస్టర్ రొసెట్టా థార్ప్ 1973లో పోతే, ముప్పై ఏళ్లు దాటినా ఆమె సమాధికి రాయి లేదు. లెడ్ జెప్లిన్‌ను 1995లోనే కూర్చోబెట్టిన రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఆమె గుర్తొచ్చింది 2018లో. సిగ్గుచేటు.

ఆ పాత రికార్డులన్నీ ఒకేలా ఉంటాయంటారా? డెబ్బై ఏళ్లుగా ప్రపంచమంతా వాటినే వాయిస్తోంది మరి! నాలుగేళ్లకే ఆగిపోయిందంటారా? లిటిల్ రిచర్డ్ బైబిలు పట్టుకుని వెళ్లిపోయాడు, ఎల్విస్‌ను సైన్యం పట్టుకుపోయింది, గాయకుడు బడీ హాలీ 1959లో విమానం కూలి పోయాడు, చక్ బెర్రీని ఆ ఏడాది చివర అరెస్టు చేశారు. ఆగిందంటే సరుకు అయిపోయి కాదు.

డెబ్బైల దొరలు స్టేడియాలు నింపుతున్న 1977లోనే నాసా రెండు వాయేజర్ నౌకలతో బంగారు పూత రికార్డులు పంపింది. మనిషి జాతి తరఫున అందులో ఎక్కిన రాక్ పాట ఒక్కటే. 1958 నాటి చక్ బెర్రీ 'జానీ బి. గుడ్'.