పాపప్ వస్తే పిల్లల మీద ఇల్జామా?

కంప్యూటర్ తెర మూలన ఒక బేషరం బొమ్మ తన్నుకొస్తుంది. వెంటనే ఇంట్లో పంచాయితీ: "నువ్వేం చూశావ్?" ఆడపిల్లయితే ఆ రోజుతో కంప్యూటర్ బంద్, ఆన్‌లైన్ తాలీమ్ బంద్. ఇదేం ఇన్సాఫ్ భాయ్?

ఆ బొమ్మ సబూత్ కాదు. పరీక్ష ఫలితాల కోసమో, పాట కోసమో తెరిచిన ఏదో సైటు "అలౌ" నొక్కమంటే ఇంట్లో ఎవరో నొక్కి ఉంటారు. అదే ఇజాజత్. ఇక సైటు మూసేసినా అది తలుపు తడుతూనే ఉంటుంది.

క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరవండి. తెలియని సైట్లన్నిటినీ తీసేయండి. తర్వాత విండోస్ సెట్టింగ్స్‌లో యాప్స్ చూడండి. ఫ్రీ సాఫ్ట్‌వేర్ వెంట పిలవని మెహమాన్లలా దిగిన టూల్‌బార్లను, క్లీనర్లను అన్‌ఇన్‌స్టాల్ చేయండి. 2020 చివర్లో అడోబ్ వదిలేసిన ఫ్లాష్ ప్లేయర్ ఇంకా ఉంటే దానికీ ఖుదా హాఫిజ్ చెప్పండి. "వైరస్ పట్టింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని వస్తే అది పచ్చి ధోకా. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు.

ఇంత చిన్న సఫాయి చేయకుండా బిడ్డ కిర్దార్ మీద ఫైసలా చెప్పడం జుల్మ్. ముందు తహఖీఖ్ చేయండి, ఆ తర్వాతే నోరు తెరవండి.