పరగడుపున మింగమన్నది ఎవరు?



నలభై దాటిన ప్రతి ఒక్కరూ మింగాల్సిన గోలీల జాబితాను పోయిన ఆదివారం మీ పత్రిక ఆరోగ్యం పేజీలో మళ్లీ వేశారు. మల్టీవిటమిన్, కాల్షియం, పసుపు సారం, చేప నూనె, ప్రోటీన్ పొడి. దసరా ముందు వేసినదానికీ దీనికీ తేడా ఏమన్నా ఉందంటే వరుస మారింది, అంతే. అడుగున డబ్బా బొమ్మ మాత్రం అదే. ఆ "ప్రతి ఒక్కరూ" అన్నదాని మీదే నా కొట్లాట.

మొదటి జాబితాను మా ఇంటామె కత్తిరించి బీరువా తలుపుకు అతికించింది. ఆమె బీడీలు చేస్తది. పొద్దుగాల చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే లెక్క పూర్తయ్యేదాకా లేవదు. మోకాళ్ల నొప్పి, నడుము నొప్పి, వాటికి తోడు థైరాయిడ్. థైరాయిడ్ గోలి ఏళ్లుగా వేసుకుంటున్నది, పరీక్షలో అంతా సరిగ్గానే ఉండేది. మీ వ్యాసంలోనేమో "ఉదయం పరగడుపున" అని ఉంది. మా వాడకట్టులో డబ్బాలమ్మే ఒకామెకు అదే చాలింది. గొలుసుకట్టు కంపెనీ, ఒకరు చేరితే ఇంకో నలుగురిని చేర్చాలి. "పేపర్ల గూడ వచ్చింది గదక్కా" అని మీ కాగితమే ముందర పెట్టింది. ఇంకేముంది, థైరాయిడ్ గోలి, దాని వెంబడే కాల్షియం, ఐరన్ కలిసిన పెద్ద గోలి, రెండూ ఒకే గ్లాసు నీళ్లతో.

నెలలు గడిచేసరికి మనిషి డీలా పడింది. ముఖం ఉబ్బింది. ఎండలు ముదిరినా చలి అనేది. చేసే బీడీలు సగానికి పడిపోయాయి. జగిత్యాలలో థైరాయిడ్ పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ బాగా పెరిగి ఉంది, అంటే గోలి పనిచేయట్లేదన్నమాట. డాక్టరు డోసు పెంచినా ఫాయిదా కనబడలేదు. మళ్లీ పోయినప్పుడు అడిగాడు: "ఇంకేమన్న మింగుతున్నవా అమ్మా?" ఆమె సంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. కాల్షియం, ఐరన్ రెండూ థైరాయిడ్ మందును ఒంటికి పట్టనివ్వవట. నడుమ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలట. ఆ ఒక్క వాక్యానికి మీ పేజీలో జాగా దొరకలేదా? డబ్బా బొమ్మకు పావు పేజీ దొరికింది గదా!

ఆ డబ్బా వెనక్కి తిప్పి మా మనుమడితో చదివించాను. చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లీషులో, "మందుగా వాడటానికి కాదు" అని ఉంది. ఆ మాట అచ్చువేయాలని 2016లో ఆహార భద్రతా సంస్థ పెట్టిన నిబంధన. అమ్ముకునే కంపెనీయేమో ఇది మందు కాదని ఒప్పుకుంటుంది, మీ వ్యాసకర్తేమో దీంతో మోకాళ్ల నొప్పులు పోతాయని రాస్తాడు. ఎవరిని నమ్మాలి?

ఇక మీ జాబితాలోని పసుపు గోలి సంగతి. నేను పసుపు పండిస్తాను, కాబట్టి దీని మీద మాట్లాడే హక్కు మీ వ్యాసకర్తకన్నా నాకే కాస్త ఎక్కువ ఉంది. జూన్‌లో పెడితే తవ్వేసరికి సంక్రాంతి దాటుతుంది. తవ్వి, ఉడకబెట్టి, కళ్లంలో ఎండబోసి, డ్రమ్ములో తిప్పి మెరుగు పెడితే గాని మార్కెట్‌కు పోదు. ఎండిన పసుపులో కర్‌క్యుమిన్ నూటికి సుమారు 3 వంతులు. గోలికి 500 మిల్లీగ్రాముల సారం, అందులో 95 శాతం కర్‌క్యుమిన్ అని దాని డబ్బా మీద రాసి ఉంది. ఆ లెక్కన 60 గోలీల డబ్బా మొత్తానికి పట్టేది కిలోకు లోపు పసుపు. క్వింటాలుకు 12,000 రూపాయలు వచ్చాయనుకున్నా అది 120 రూపాయల సరుకు. డబ్బా 900! సారం తీసే ఖర్చు ఉంటుంది, కాదనను. ఎంత ఖర్చయినా ఇంత తేడానా?

పైగా మిరియాల సారం కలిపిందే కొనమని మీ వ్యాసకర్త సలహా. మిరియాల్లోని పైపరిన్ వల్ల కర్‌క్యుమిన్ రక్తంలోకి ఎన్నో రెట్లు ఎక్కువగా చేరుతుందని బెంగళూరు పరిశోధకులు 1998లోనే చూపిన మాట నిజమే. అదే పైపరిన్ వేరే మందులు కూడా రక్తంలో ఎక్కువయ్యేలా చేయగలదని ఎందుకు రాయలేదు? ఇటలీలో 2019లో పసుపు సప్లిమెంట్లు వాడినవారికి కాలేయం వాచిన కేసులు బయటపడితే అక్కడి ఆరోగ్యశాఖ డబ్బాల మీద హెచ్చరిక వేయించింది. కూరలో వేసే చిటికెడు పసుపుతో అలాంటి భయం లేదు. అది మింగే గోలి కాదు గదా, మీ పేజీకి పనికిరాదు.

పసుపు మాట వచ్చింది కాబట్టి ఇంకోటి కూడా అడుగుతాను. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు బోర్డు కోసం, ధర కోసం రైతులు నామినేషన్లు వేస్తే నిజామాబాద్ బరిలో 185 మంది నిలిచారు. మా మెట్‌పల్లి ఆ నియోజకవర్గంలోదే. 2025 సంక్రాంతికి బోర్డు వచ్చింది, జూన్‌లో ఆఫీసు తెరిచారు. మీరు పెద్ద పెద్ద ఫొటోలు వేశారు, సంతోషం. మరి పసుపులో కాడి ధర ఎంత, గోళ ధర ఎంత అని చూద్దామంటే ఒకరోజు మూలకు ఉంటది, మూడు రోజులు ఉండదు. బంగారం ధర మాత్రం ఒక్కనాడూ తప్పదు. పసుపు గోలీలకు పావు పేజీ ఇచ్చే పత్రికకు పసుపు ధరకు రెండు గీతలు బరువా?

సరే, గోలీల దగ్గరికే వస్తాను. అన్ని గోలీలూ దండగ అనే మూర్ఖుణ్ని కాను. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతానికి రక్తహీనత. వాళ్లకు కావలసిన ఐరన్ ఎర్రగోలి సర్కారు ఉచితంగానే ఇస్తున్నది. దొడ్డికి నల్లగా వస్తుందని భయపడి దాన్ని పెంటకుప్పలో వేసేవాళ్లను నేను చూశాను. చాయ్‌తో మింగేవాళ్లను కూడా చూశాను. చాయ్‌తో మింగితే ఐరన్ సరిగా ఒంటికి పట్టదు. నలుపు చూసి భయపడొద్దు, చాయ్‌కి ఎడం ఇవ్వండి, థైరాయిడ్ గోలి ఉంటే ఇంకా ఎడం ఇవ్వండి అని మీరు ఏ ఆదివారం రాశారు? ఎర్రగోలీకి ప్రకటన ఇచ్చే కంపెనీ లేదు, అదీ సంగతి.

మీ హైదరాబాద్‌లోనే, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. కండల కోసం ప్రోటీన్ పొడుల జోలికి పోవద్దని 2024 మార్గదర్శకాల్లో ఆ సంస్థ చెప్పింది. మీ వ్యాసకర్త సిటీ బస్సెక్కితే పోయి అడిగి రావచ్చు. ఆయన మాత్రం మాకు అవకాడో తినమంటాడు, పార్కులో అరగంట నడవమంటాడు. చాట ముందు కూర్చున్న మనిషికి గంటకోసారి లేచి నాలుగడుగులు వేయమని, పప్పుతో పాటు జామకాయ తినమని చెప్తే ఏం పోయింది? జామకాయలో సి విటమిన్ నారింజకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, మా అంగట్ల దొరుకుతది కూడా.

ఇకముందు ఏ గోలి గురించి రాసినా ఎవరు వేసుకోకూడదో, ఏ మందుతో పడదో అదే సైజు అక్షరాల్లో వేయండి. పైసలు తీసుకుని వేసినదైతే పైన "ప్రకటన" అని రాయండి. ఈ లేఖ అచ్చువేస్తే లేఖల పేజీలో వద్దు. ఆదివారం ఆరోగ్యం పేజీలో, ఆ డబ్బా బొమ్మ పక్కనే వేయండి.

— ఒక పసుపు రైతు, మెట్‌పల్లి