మాంసాహారమా, శాకాహారమా? — మన కంచము మాట

కార్తికమాసము వచ్చినది మొదలు సంక్రాంతి వెళ్లువఱకు ఈపూరు ప్రాంతపు పల్లెలలో ఒక వాదము తప్పక వినవచ్చును. మాల వేసికొని నలువదియొక్క దినములు నీసు ముట్టనివారు తమ ఒళ్లు తేలికపడినదనియు, మాంసము మానినచో సర్వరోగములును మానుననియు చెప్పుదురు. శ్రమదినములను నిష్ఠతో పాటించు క్రైస్తవులలోను ఈ మాట చెప్పువారు కలరు. మిరపకల్లములలో బస్తాలెత్తువారు వీరిని చూచి నవ్వి, ముక్కలేని కూడు తిన్నచో మూట పైకి లేచుటెట్లని అడుగుదురు. సంక్రాంతి వచ్చును, కోళ్లు కోయబడును, వాదము మరుసటి కార్తికమువఱకు నిద్రించును.

మా అభిప్రాయమును ముందుగానే చెప్పెదము. మన ప్రాంతమున ఆరోగ్యము నిలుచుటగాని చెడుటగాని ముక్కనుబట్టి జరుగుట లేదు. కంచములో ముక్క యున్నదా లేదా యని చూచుటలో పడి, దాని చుట్టును కొండవలె పోసిన తెల్లయన్నమును చూచుట మానివేసితిమి.

మాల వేసినవారి సంగతి మొదట చూతము. ఒళ్లు తేలికపడుట అబద్ధము కాదు. అయితే ఆ దినములలో వారు మానినది మాంసమొక్కటేనా? సారా మానిరి, చుట్ట మానిరి, రెండుపూటల స్నానము చేసిరి, వేళకు మితముగా తినిరి. ఇన్నిటి ఫలమును తెచ్చి కోడిమాంసమొక్కదానిపై మోపుట లెక్క తెలిసినవారు చేయవలసిన పని కాదు. సారాకొట్టు మానక మాంసము మాత్రము మానినవానికి ఏమి తేలికపడునో ఊరివారే చూచియుందురు.

ఇక రెండవ పక్షము. 2014వ సంవత్సరపు ప్రభుత్వపు నమూనా లెక్కలనుబట్టి ఆంధ్రప్రదేశమున నూటికి 98 మంది మాంసాహారులు. మాంసమే బలమైనచో ఈ రాష్ట్రము రక్తపుష్టికి నిలయము కావలెను. కాని 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల వయసు స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనులని తేలినది. ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 63 మంది. మాంసము తినెడి రాష్ట్రమున ఇంత రక్తహీనత యేల?

ఇందులకు వైద్యులు చెప్పు కారణములు పలు గలవు. నులిపురుగులు గలవు, వెంటవెంట కాన్పులు గలవు. మేము ఒకదానిపై నిలిచెదము. ఆదివారమునాటి కోడికూరను ఎవరు తినుచున్నారో చూడుడు. ఇంటి యజమానికి మొదటి వడ్డన, మగపిల్లలకు రెండవది, అత్తమామలకు మూడవది. వండిన ఇల్లాలు కడపట కూర్చుండునప్పటికి గిన్నె అడుగున పులుసును, మెడ ముక్కయు మిగులును. లెక్కలు వ్రాయువాడు వచ్చి ఆ యింటిని మాంసాహారుల యిల్లని వ్రాసికొని పోవును. ఆ యిల్లాలి రక్తమునకు ఆ సంగతి తెలియదు. తక్కిన ఆరుదినములు ఆమెకు అన్నమును, పచ్చడియు, పలుచని చారును. శాకాహారుల యిండ్లలోను వడ్డన వరుస ఇంతే. అచట కడపటికి మిగులునది పప్పుగిన్నె అడుగు.

ఇప్పుడు అన్నము మాట. పల్నాట జొన్నకూడే గాని సన్నబియ్యము కానరాదని శ్రీనాథుడు ఎత్తిపొడిచినట్లు చాటువులు ప్రసిద్ధములు. ఆ మహాకవి నేడు మరల వచ్చినచో సంతోషించును. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలిరి. నీటివెంట వరి వచ్చినది, దుకాణపు బియ్యమును వచ్చినది. జొన్నరొట్టె ముసలివారి పథ్యమైపోయినది. నూరు గ్రాముల జొన్నలో ఇంచుమించు 4 మిల్లిగ్రాముల ఇనుమును, సజ్జలో 6 మిల్లిగ్రాములకు పైగాను ఉండగా, తెల్లగా మరపట్టిన బియ్యములో ముప్పాతిక మిల్లిగ్రామైనను లేదు. మాంసకృత్తులు జొన్నలో 10 గ్రాములు, బియ్యములో 8. మూడుపూటల తినెడి వస్తువులో ఇంత భేదముండగా, వారమునకొకసారి తినెడి వస్తువును గుఱించి మనము తగవులాడుచున్నాము.

జొన్నను మరీ పొగడుటయు మాకు సమ్మతము కాదు. జొన్న తప్ప మరియొకటి కొనలేని బీదలలో పెల్లాగ్రా యను చర్మవ్యాధి యుండుటను 1960 ప్రాంతమున హైదరాబాదులో డాక్టరు గోపాలను గారు, వారి సహచరులు పరిశోధించి వెల్లడించిరి. ఏ ధాన్యమును ఒంటరిగా మనిషిని పోషింపజాలదు.

ఈ విషయమున మన దేశముననే జరిగిన ఒక పరీక్ష రైతులు తెలిసికొనదగినది. 1918లో కూనూరులో రాబర్టు మెకారిసను అను వైద్యుడు బెరిబెరి వ్యాధి విచారణకై యొక చిన్న పరిశోధనశాలను నడిపెను. అదియే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయినది. ఆయన ఎలుకలకు దేశమున వేర్వేరు ప్రాంతములవారు తిను భోజనములను పెట్టి పెంచి చూచెను. పంజాబు సిక్కుల భోజనము తిన్న ఎలుకలు అన్నిటికంటె బాగుగ పెరిగినవి. మరబియ్యమే ప్రధానముగాగల మద్రాసు భోజనము తిన్నవి అన్నిటికంటె క్షీణించినవి. సిక్కుల భోజనములో మాంసము లేకపోలేదు. అది వారమునకొకసారి, కొంచెము. తక్కినదంతయు గోధుమరొట్టె, పాలు, వెన్న, పప్పుధాన్యములు, పచ్చికూరలు. మాంసాహారులు ఆ కొంచెమును చూపి గెలిచితిమందురు, శాకాహారులు తక్కినదానిని చూపి గెలిచితిమందురు. మరబియ్యము ఓడినదని మాత్రము ఇరువురును చెప్పరు.

విదేశములలో జరిగిన విచారణలును ఒక పక్షమునకే తీర్పు చెప్పలేదు. ఇంగ్లండులో 48,000 మందిని 18 సంవత్సరములు గమనించి 2019లో ప్రకటించిన ఫలితములనుబట్టి, మాంసాహారులకంటె శాకాహారులలో గుండెజబ్బు నూటికి 22 వంతులు తక్కువగాను, మెదడుపోటు 20 వంతులు ఎక్కువగాను ఉన్నది. ఉప్పులోనూరవేసి, పొగబెట్టి, మందులు కలిపి నిలువచేసిన మాంసము క్యాన్సరునకు హేతువని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంఘము 2015లో తేల్చినది. పశుమాంసము, వేటమాంసము వంటి ఎఱ్ఱమాంసమును గుఱించి, హేతువు కావచ్చునన్నంతవఱకే చెప్పినది. కావున పట్టణపు దుకాణములలో డబ్బాలకెత్తి అమ్ము మాంసమునకు మన పిల్లలను అలవాటుచేయకుండుట మంచిది. ఊరిలో అప్పటికప్పుడు కోసిన కోడి వేరు, అది వేరు.

మాంసము మానదలచినవారికి ఒక హెచ్చరిక. బి12 అను విటమిను ధాన్యములలోను కూరలలోను లేదు. పాలు, పెరుగు, గ్రుడ్డు, మాంసము, చేప — వీనియందే కలదు. శాకాహారులు పాలు పెరుగులు విడువకున్నచో చాలవఱకు భయము లేదు. కాని మన పల్లెలలో నేడు పాలు ఎచటికి పోవుచున్నవి? తెల్లవారుజామున ఒక బిందె, సాయంకాలమున ఒక బిందె, రెండును పాలకేంద్రమునకే. గేదెను మేపిన ఇంటి పిల్లవాడు పాలపొడి కలిపిన టీ త్రాగి బడికి పోవుచున్నాడు. సహకార పత్రికలో ఇట్లు వ్రాయుట కొందరికి రుచింపకపోవచ్చును. ఐనను అరలీటరైనను ఇంటిలో నిలుపుకొమ్మనియే మా మాట.

ఆకుకూరలలో ఇనుము గలదనుట నిజమే గాని, మాంసములోని ఇనుమువలె అది సులభముగ ఒంట బట్టదు. నిమ్మబద్ద పిండుకొన్నచో కొంత మేలు. భోజనము కాగానే టీ త్రాగినచో ఆ మేలును పోవును. మరియొక సంగతి మా వృత్తినిబట్టి చెప్పవలసియున్నది. ప్రత్తిచేలలోను మిరపతోటలలోను కలుపుతీయు స్త్రీలు గట్లవెంట మొలచిన తోటకూర, గంగవాయిలికూర ఒడిని నింపుకొని యింటికి తెచ్చుట మేమెఱుగుదుము. ఆ చేలకు పురుగుమందు కొట్టినది నిన్ననో మొన్ననో అయియుండును. అట్టి ఆకు వండుకొనరాదు. పెరటిలో రెండు మళ్లు కూరకు విడిచిన పురుగుమందు వాసన లేని ఆకు దొరకును.

తినుటనుబట్టి మనుష్యుని తక్కువ యెక్కువలు నిర్ణయించు దురభ్యాసము మాత్రము మన సీమకు తగదు. అన్ని కులములవారిని ఒక చాపపై కూర్చుండబెట్టి కూడు పెట్టెనని బ్రహ్మనాయుని చెప్పుకొనుచున్నాము. కారెంపూడి వీరుల తిరునాళ్లలో నేటికిని చాపకూడు జరుపుచున్నాము. ఇంటికి వచ్చి మాత్రము ప్రక్కింటి పొయ్యిమీది వాసనకు ముక్కు మూసికొనుచున్నాము. వ్రతమునకై మానువాడు మానవచ్చును. అది వాని మనస్సాక్షికి సంబంధించినది. గర్భిణికి గ్రుడ్డు పెట్టుట పాపమనియో, పప్పు తినువాడు పిఱికివాడనియో చెప్పుటకు వైద్యశాస్త్రమున ఆధారము లేదు.

జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన సూత్రములలో, దినమున తినెడి ఆహారపు శక్తిలో ధాన్యముల పాలు నూటికి 45 వంతులకు మించరాదనిరి; పప్పు, గ్రుడ్డు, మాంసములను ఒకే తరగతిగ జేర్చి, ఆ తరగతికి 14, 15 వంతులు ఇచ్చిరి. మన వాదప్రతివాదులు ఇద్దరును ఒకే తట్టలో కూర్చున్నారన్నమాట. మాంసము కొనలేనివారును, తినరానివారును ఆ భాగమును పప్పుతో నింపుకొనవచ్చును. నూరు గ్రాముల కందిపప్పులో ఇంచుమించు 22 గ్రాముల మాంసకృత్తులున్నవి.

మన పొలముననే కంది పండుచున్నది. కాని కల్లమునుండి కందులన్నియు అమ్మకమునకు పోయి, మూడుమాసములు గడువకముందే ఆ రైతే కిరాణాకొట్టులో కిలో, అరకిలో చొప్పున పప్పు కొనుచున్నాడు. ధర పెరిగిననాడు కొనుట మానుచున్నాడు. ఐదుగురుగల యింటికి మనిషికి దినమునకు 60 గ్రాముల చొప్పున వేసినచో సంవత్సరమునకు 110 కిలోల పప్పు కావలెను. నూరు కిలోల కందులకు 70 కిలోల పప్పు వచ్చుననుకొన్నచో, అది ఒకటిన్నర క్వింటాలు కందులకు కొంచెము ఎక్కువ. ఈ యేడు కంది నూర్చినప్పుడు ఆ మాత్రమును కల్లములోనే వేరుగా కట్టి, ఎండబెట్టి, ఇల్లాలి చేతికిచ్చి, మిగిలినది తూకమునకు తెచ్చినచో సంఘమునకు ఏ అభ్యంతరమును ఉండదు.