ఆరిన తర్వాతే బిల్లు

అపార్ట్‌మెంట్ సంఘాలకు, ఫంక్షన్ హాళ్ల యజమానులకు, ఆఫీసుల నిర్వాహకులకు, తివాచీలు కడిగే సంస్థలకు విజ్ఞప్తి

డబ్బిచ్చి మనుషుల్ని పిలిపించి తివాచీ కడిగిస్తాం. సాయంత్రానికి రంగులు తేలి కొత్తదానిలా కనిపిస్తుంది. మర్నాడో, ఆ మర్నాడో తలుపు తీయగానే ముక్క వాసన గుప్పుమంటుంది. కడగక ముందు లేని వాసన కడిగాక వచ్చిందంటే తప్పు షాంపూదని కొందరు, తివాచీ పాతదయిందని కొందరు, వానాకాలం అంతేనని మరికొందరు సర్దిచెప్పుకుంటారు. కంపెనీకి ఫోన్ చేస్తే రెండు రోజులు కిటికీలు తీసి పెట్టమంటారు. ఈ కరపత్రం చెప్పదలచింది ఒక్కటే. ఆ వాసనల్లో చాలా వాటికి కారణం పని సగంలో ఆగిపోవడం. కడగడం మొదటి సగం, ఆరబెట్టడం రెండో సగం. మన ఊళ్లలో మొదటి సగానికే బిల్లు కట్టి రెండో సగాన్ని దేవుడికి వదిలేసే అలవాటు పాతుకుపోయింది. దాన్ని మార్చాలి. ఆరబెట్టడం కూడా ఒప్పందంలో ఉండాలి, తివాచీ ఆరిందని తేలాకే మిగతా డబ్బు చెల్లించాలి.

బూజుకూ బాక్టీరియాకూ కావలసినవి మూడే: తిండి, వెచ్చదనం, నీరు. వాడుకలో ఉన్న తివాచీలో తిండికి కొదవ ఉండదు. రాలిన చర్మపు పొలుసులు, వెంట్రుకలు, టీ మరకలు, పిల్లలు పారబోసిన పాలు అన్నీ నూలు మొదళ్లలో చేరి ఉంటాయి. వెచ్చదనం మన వాతావరణమే ఇస్తుంది. కొరవడేది నీరు ఒక్కటే, దాన్ని కడిగించడంతో మనమే అందిస్తాం. తడిసిన వస్తువును 24 నుంచి 48 గంటల్లోపు ఆరబెడితే చాలా సందర్భాల్లో బూజు పట్టదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఏళ్లుగా చెబుతోంది. ఆ గడువు దాటితే సూక్ష్మజీవులు పెరుగుతూ కొన్ని ఆవిరి పదార్థాలను గాలిలోకి వదులుతాయి. తొలకరి మట్టివాసనకు మూలమైన జియోస్మిన్ అలాంటిదే. పుట్టగొడుగుల వాసననిచ్చే ఆక్టెనాల్ మరొకటి. వీటిని మన ముక్కు అతి స్వల్ప మోతాదులోనే పసిగడుతుంది. అందుకే కంటికి ఒక్క మచ్చా కనిపించకపోయినా గది వాసన వేస్తుంది. ముసురు రోజుల్లో ఇంట్లో తీగ మీద ఆరేసిన బట్టలకు పట్టే వాసన కూడా ఇలాంటిదే. బట్టలనైతే మళ్లీ ఉతికి ఎండలో వేస్తాం. గోడ నుంచి గోడ దాకా అతికించిన కార్పెట్‌ను ఎక్కడ ఆరేస్తాం?

"రాత్రంతా ఫ్యాను వేసి ఉంచండి, అదే ఆరిపోతుంది" అనేది అందరూ ఇచ్చే సలహా. అది ఎంతవరకు పనిచేస్తుందో లెక్క చూద్దాం. పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున్న గదిలో సుమారు 41 ఘనమీటర్ల గాలి ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో ఒక్కో ఘనమీటరు గాలి ఎంత తాగినా 30 గ్రాముల నీటి ఆవిరిని మించి పట్టుకోలేదు. వానాకాలంలో గాలి అప్పటికే 80 శాతం తేమతో ఉంటే మిగిలిన చోటు ఘనమీటరుకు ఆరు గ్రాములే. అంటే తలుపులు మూసిన ఆ గది గాలి మొత్తం కలిసి పావు లీటరు నీటితో నిండిపోతుంది. తివాచీలో రెండు లీటర్ల నీరు మిగిలిందనుకుంటే, గది గాలి మొత్తం కనీసం ఎనిమిదిసార్లు బయటకు పోయి కొత్త గాలి రావాలి. అది కూడా బయటకు పోయే గాలి ప్రతిసారీ పూర్తిగా నిండి పోతేనే, నిజానికి అలా జరగదు. మూసిన గదిలో ఫ్యాను చేసేదల్లా అదే చెమ్మ గాలిని గిరగిరా తిప్పడం. ముసురులో కిటికీలు తీస్తే వచ్చేదీ చెమ్మ గాలే. ఇది చాలనట్టు, లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు ఒక యూనిట్‌లో మూడింట రెండు వంతుల కరెంటుకు సమానమైన వేడి కావాలి. ఆ వేడిని నీరు తివాచీ నుంచే లాక్కుంటుంది కనుక తివాచీ చల్లబడి ఆరడం ఇంకా మందగిస్తుంది. ఫ్యానుతో పాటు ఏసీనో తేమ లాగే యంత్రాన్నో నడిపితే మాత్రం లెక్క మారిపోతుంది. ఉక్కపోత రోజున ఏసీ పైపు కింద బకెట్ పెట్టి చూడండి. కొద్ది గంటల్లో అందులో చేరే నీళ్లన్నీ గది గాలిలోంచి పిండినవే.

నీళ్లు ఎక్కడ దాక్కుంటాయన్నది ఇంకా ముఖ్యం. మన దగ్గర ఎక్కువగా చేసేది రెండు రకాల పని. ఒకటి, గుండ్రటి బ్రష్ యంత్రంతో నురగ పట్టించి తడిని వాక్యూమ్‌తో లాగడం. రెండోది, స్టీమ్ క్లీనింగ్ పేరుతో వేడినీళ్లు, డిటర్జెంటు ఒత్తిడితో చిమ్మి వెంటనే వెనక్కి పీల్చడం. రెండింటిలోనూ నీరు పైనున్న నూలును దాటి అడుగున ఉన్న జనపనార పట్టీలోకి, దాని కింది ఫోమ్‌లోకి దిగుతుంది. చిమ్మేటప్పుడు ఒక్క క్షణం ఎక్కువ నిలిచినా, పీల్చేటప్పుడు ఒక్క వరస తప్పినా అక్కడ నిల్వ చేరుతుంది. పై నూలు ముందు ఆరిపోతుంది, చేత్తో తడిమినవాడు ఆరిందనుకుంటాడు. ఉన్ని తివాచీలతో ఇబ్బంది మరీ ఎక్కువ. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను దాచుకుని కూడా చేతికి పొడిగానే తోస్తుంది. ఏలూరు ఉన్ని తివాచీ ఉన్నవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. వరంగల్ నూలు జంపఖానాకు ఈ బాధ తక్కువ. అది పలచటి నేత, కింద పట్టీ ఉండదు, తిరగేసి రెండువైపులా ఎండలో వేయవచ్చు. మిగిలిపోయిన డిటర్జెంటు మరో చిక్కు తెస్తుంది. అది జిగటగా ఉండి దుమ్మును పట్టుకుంటుంది, తేమనూ నిలుపుతుంది. నురగ ఎక్కువ వస్తే మురికి బాగా పోయిందని మురిసిపోయే మనమే ఈ తప్పును ప్రోత్సహిస్తున్నాం.

కాబట్టి మేం అడిగేది ఇది. పని ఒప్పుకునే ముందే కాగితం మీద కొన్ని మాటలు రాసుకోవాలి. కడిగిన తర్వాత మంచినీళ్లతో ఒకసారి జాడించాలి. ఆపైన నీరు చిమ్మకుండా వట్టి వాక్యూమ్‌ను వరసలు వరసలుగా, పైపులోకి నీటి చుక్కలు రావడం ఆగేదాకా లాగాలి. తివాచీ మీదుగా నేలబారున గాలి కొట్టే ఫ్యాన్లు తెచ్చి పెట్టాలి, తేమ రోజుల్లో ఏసీని డ్రై మోడ్‌లో నడపాలి. మర్నాడు ఒక మనిషి తేమ కొలిచే చిన్న మీటరుతో వచ్చి మూలల్లో, బల్లల కింద, అంచుల దగ్గర అడుగు పట్టీ దాకా పరీక్షించాలి. కడగక ముందు ఎంత చూపిందో అంతకు తగ్గితేనే పని పూర్తయినట్టు, బిల్లులో మిగిలిన భాగం అప్పుడే చెల్లించాలి. గది తేమను చూపే డిజిటల్ మీటరు కొద్ది వందల రూపాయలకే దొరుకుతుంది. దాన్ని ప్రతి అపార్ట్‌మెంట్ సంఘమూ ఒకటి కొని పెట్టుకోవచ్చు. అందులో 60 దాటి అంకె కనిపిస్తున్నంతసేపు గది బూజుకు అనుకూలంగా ఉన్నట్టే.

పని చేసే కాలమూ మారాలి. మనం ఇల్లు దులిపేది దసరాకు ముందు. అప్పటికి తెలంగాణలో వానలు పూర్తిగా వెనుదిరగవు, కోస్తాలో ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యే వేళ. గాలి నిండా తేమ ఉన్న రోజులనే ఏరికోరి తివాచీ తడుపుతున్నాం. హైదరాబాద్‌లో ఏప్రిల్ మధ్యాహ్నాల్లో తేమ 30 శాతం దరిదాపులకు పడిపోతుంది. అప్పుడు పొద్దున తడిపినది సాయంత్రానికి ఆరే అవకాశం ఉంటుంది. పండగకు వాక్యూమ్‌తో దుమ్ము లాగించి, తడి పనిని వేసవికి వాయిదా వేస్తే పండగ శోభకు వచ్చే లోటేమీ లేదు.

సంస్థలవాళ్లు చెప్పే అభ్యంతరం తెలిసిందే. రోజుకు మూడు ఇళ్లు చేస్తేనే గిట్టుబాటు, ఆరేదాకా కూర్చుంటే ఒక్క ఇల్లే అవుతుంది, రేటు పెంచితే జనం ఒప్పుకోరు అంటారు. ఈ మాటలో నిజం ఉంది. పని చేసే కుర్రాళ్లది కాదు తప్పు, వాళ్లకు గంట లెక్కన ఇళ్లు కేటాయించే పద్ధతిది. అయితే ఆరేదాకా మనిషి కూర్చోనక్కర్లేదు. ఫ్యాన్లు రాత్రికి వదిలి మర్నాడు అటుగా వెళ్లేటప్పుడు తీసుకుపోవచ్చు, తేమ కొలవడం పది నిమిషాల పని. రేటు కొంత పెరుగుతుంది, పెరగాలి కూడా. వాసన వచ్చాక మళ్లీ కడిగించడానికీ, చివరికి తివాచీ పారేసి కొత్తది కొనడానికీ అయ్యే ఖర్చు ముందు ఆ తేడా ఏపాటిది? ఆరబెట్టడానికి డబ్బివ్వకుండా కడగడానికి మాత్రమే బేరమాడే గృహస్థు కూడా ఈ వాసనలో వాటాదారే.

వాసన పాత మరకలదే కానీ మా పనిది కాదని సంస్థలవాళ్లు అనడం కొన్నిసార్లు సబబే. కుక్కో పిల్లో మూత్రం పోసిన చోట లవణాలు నూలులో ఎండి ఉంటాయి, అవి గాలిలోని తేమను పీలుస్తాయి, తడి తగలగానే వాసన మళ్లీ లేస్తుంది. దానికి ఎంజైమ్ ద్రావణం వేరుగా కావాలి, మామూలు షాంపూ పోగొట్టలేదు. చేత్తో టఫ్టింగ్ చేసిన తివాచీల్లో వెనుక గుడ్డను అతికించే లేటెక్స్ జిగురు పాతబడితే, ఎంత బాగా ఆరినా రబ్బరు వాసన పోదు. తడిసిన ఉన్నికి సహజంగానే ఒక వాసన ఉంటుంది, ఆరితే అదే పోతుంది. అందుకే పని మొదలుకాక ముందే తివాచీని తిరగేసి చూసి, మరకలు, పాత వాసనలు, అడుగు పట్టీ ఏ రకమో రాసుకోవాలి. ఆ కాగితం ఉంటే నింద ఎవరి మీద పడాలో తేలిపోతుంది, నిజాయతీగా పని చేసే సంస్థకు అదే రక్ష.

ఇప్పటికే వాసన పట్టినవాళ్లు ముందు మానుకోవలసినవి: అత్తరు, రూమ్ స్ప్రే, సాంబ్రాణి పొగ. ఇవి వాసనను కప్పుతాయే తప్ప తడిని తీయవు. వంటసోడా చల్లితే కొంత వాసన తగ్గుతుంది, కానీ అడుగు పట్టీ దాకా అది దిగదు. క్లోరిన్ బ్లీచ్ జోలికి అసలు పోవద్దు. అది ఉన్నిని కరిగించేస్తుంది, రంగులు తీసేస్తుంది, వెనిగర్‌తోనో అమ్మోనియాతోనో కలిస్తే విషవాయువు పుడుతుంది. ముందు తడి ఉందో లేదో తేల్చుకోవాలి. తివాచీ మూల ఎత్తి కిందివైపు తెల్ల టిష్యూ కాగితం గట్టిగా అదిమితే తెలుస్తుంది. తడి ఉంటే వాక్యూమ్‌తో మళ్లీ లాగించి, మూల ఎత్తిపెట్టి కింద నుంచి గాలి తగిలేలా చేసి, ఏసీతో తేమ తగ్గించాలి. పూర్తిగా ఆరాక కూడా వాసన ఉంటే డిటర్జెంటు మిగిలిందేమో చూసి, పలచటి ఆమ్ల ద్రావణంతో జాడింపు చేయించాలి, అది కూడా ఆరబెట్టే హామీతోనే. కింది ఫోమ్‌కు బూజు మచ్చలు కనిపిస్తే దాన్ని కాపాడే ప్రయత్నం వృథా, తీసి పారేసి కొత్తది వేయించాలి.

ఇంత గొడవెందుకు, మన దేశానికి తివాచీలే వద్దనేవారూ ఉన్నారు. విశాఖ, కాకినాడ లాంటి తీర పట్టణాల్లో గ్రౌండ్ ఫ్లోర్ గదికి గోడ నుంచి గోడ దాకా కార్పెట్ వేయడం తెలివైన పని కాదని మేమూ అంటాం. నేల చెమ్మ కింద నుంచి ఎక్కే చోట ఎంత మంచి పనివాడూ ఏమీ చేయలేడు. కానీ సినిమా హాళ్లు, ఆఫీసులు, ఫంక్షన్ హాళ్లు, నుదురు నేలకు ఆనించి ప్రార్థించే మసీదులు కార్పెట్లు తీసేయబోవడం లేదు. అక్కడికి వచ్చేవాళ్లలో ఉబ్బసం ఉన్నవాళ్లుంటారు, పసిపిల్లలుంటారు. చెమ్మ, బూజు ఉన్న భవనాల్లో ఉండేవారికి శ్వాసకోశ ఇబ్బందులు, ఉబ్బసం తీవ్రత పెరుగుతాయనడానికి తగినంత ఆధారం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే మార్గదర్శకాల్లో స్పష్టం చేసింది. అంటే ముక్కు మూసుకుని సర్దుకుపోవలసిన చిన్న విషయం కాదిది.

డబ్బు తీసుకుని పని లోపభూయిష్టంగా చేస్తే, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అది సేవాలోపం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు, ఐదు లక్షల రూపాయల లోపు వ్యవహారాలకు రుసుము లేదు. అయినా ప్రతి తివాచీకీ ఒక కేసు వేయడం ఎవరివల్లా కాదు. ఒప్పందంలో రెండు వాక్యాలు చేర్చడం అందరివల్లా అవుతుంది. అపార్ట్‌మెంట్ సంఘాలు ఈసారి సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం పెట్టండి: ఆరబెట్టే హామీ, మర్నాటి తేమ పరీక్ష రాసివ్వని సంస్థను మన ఆవరణలోకి కార్పెట్ పనికి పిలవకూడదు. సంస్థలవారూ, మీలో ముందుగా ఎవరు ఆ హామీ రాసిస్తారో వాళ్లకే మా పని.